డబ్బా మీద 6000, తెర మీద 4800: ర్యామ్ వేగం వెనక కథ

చెన్నై రిచీ స్ట్రీట్‌లో పీసీ కట్టించుకుని రైలెక్కిన నెల్లూరు, గూడూరు కుర్రాళ్ల నుంచి షాపులకు తరచూ వచ్చే ఫోన్ ఒకటుంది. "అన్నా, ర్యామ్ డబ్బా మీద 6000 అని ఉంది. టాస్క్ మేనేజర్‌లో 4800 చూపిస్తోంది. వేరేది వేసేశారా?" హార్డ్‌వేర్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ తెరిచినవాడైతే అక్కడ 2400 చూసి ఇంకా హడలిపోతాడు. అది క్లాక్ వేగం, దాన్ని రెండుతో గుణించుకోవాలి. డీడీఆర్ రకం ర్యామ్‌లో ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా కదులుతుంది. ర్యామ్ మారలేదు. విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్ మెనూ బయోస్‌లో, ర్యామ్‌ను డబ్బా మీది వేగానికి తెచ్చే ప్రొఫైల్ ఆన్ చెయ్యలేదంతే.

ఆ ప్రొఫైల్ ఇంటెల్‌లో ఎక్స్‌ఎంపీ, ఏఎండీలో ఎక్స్‌పో. పేరేదైనా అది ఓవర్‌క్లాకే, అంటే ప్రమాణాన్ని మించి పరుగెత్తించడమే. 4800 అన్నది మెమొరీ ప్రమాణాలు రాసే సంస్థ జెడెక్ లెక్క ప్రకారం 1.1 వోల్టులకు ర్యామ్ స్టిక్ నడిచే వేగం. 6000కు సాధారణంగా 1.35 లేదా 1.4 వోల్టులు కావాలి. స్టిక్ చేసినవాడు తన స్టిక్‌కు హామీ ఇస్తాడు. రైజెన్ 7000 ప్రాసెసర్లకు ఏఎండీ ఇచ్చే మాట మాత్రం రెండు స్టిక్కులకు 5200, నాలుగైతే 3600. ఆ పైన నడుస్తుందో లేదో తేల్చుకోవాల్సింది కొన్నవాడే.

1998లో ఈ గొడవ లేదు. ఇంటెల్ ప్రాసెసర్ సెలెరాన్ 300ఏ బస్సును (ప్రాసెసర్‌ను బోర్డుతో కలిపే దారిని) 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు పెంచితే ప్రాసెసర్ 450కి వెళ్లేది. 440బీఎక్స్ బోర్డులో ర్యామ్ కూడా బస్సు వేగంతోనే నడిచేది కాబట్టి పీసీ100 స్టిక్ ఉంటే సరిపోయేది. డీడీఆర్ రోజుల్లో వేట చిప్పుల మీదికి మళ్లింది. విన్‌బాండ్ బీహెచ్-5 చిప్పులున్న స్టిక్ దొరికితే, 2.5 వోల్టుల ప్రమాణాన్ని పక్కనపెట్టి 3 వోల్టులు దాటించి, 2-2-2 టైమింగ్స్‌తో (ర్యామ్ జవాబివ్వడానికి పట్టే క్లాక్‌ల లెక్క, తక్కువైతే మేలు) నడిపేవారు. ఇదంతా చేత్తో అంకెలు కొట్టగలవాళ్ల పని.

అందరి పనిగా మార్చింది 2006లో ఎన్విడియా ఈపీపీ, 2007లో డీడీఆర్3తో వచ్చిన ఇంటెల్ ఎక్స్‌ఎంపీ. స్టిక్ మీదుండే చిన్న ఎస్‌పీడీ చిప్పులో వేగం, టైమింగ్స్, వోల్టేజ్ ముందే రాసిపెట్టి, బయోస్‌లో ఒక్క మీట నొక్కితే చాలన్నారు. డబ్బా మీద ఏ అంకె వెయ్యాలో అమ్మేవాళ్లకు అప్పుడే తెలిసిపోయింది. కొనేవాడికి మాత్రం చాలాకాలం బోర్డు అడ్డం వచ్చింది. బీ460 బోర్డు, ఐ5-10400 తీసుకుని 3200 ర్యామ్ వేసినవాళ్లకు 2666 దాటలేదు; 2021లో బీ560తో గానీ ఇంటెల్ ఆ తాళం తియ్యలేదు.

ర్యామ్‌ను నడిపే మెమొరీ కంట్రోలర్‌ను ఏఎండీ 2003లో, ఇంటెల్ 2008లో డెస్క్‌టాప్ ప్రాసెసర్ లోపలికి తెచ్చాయి. అప్పటినుంచి ర్యామ్ ఎంతవరకు పోతుందన్నది ప్రాసెసర్ మీద కూడా ఆధారపడింది. ఒకే స్టిక్ ఒక మెషిన్‌లో బాగా నడిచి ఇంకోదాంట్లో మొరాయించేది ఇందుకే. 2023 ఏప్రిల్‌లో కొన్ని రైజెన్ 7000ఎక్స్3డీ చిప్పులు కాలిపోయినప్పుడు వేలు ఎస్ఓసీ వోల్టేజ్ (ప్రాసెసర్‌లో మెమొరీ కంట్రోలర్ ఉండే భాగానికి అందేది) వైపు చూపింది. ఏఎండీ దానికి 1.3 వోల్టుల హద్దు పెట్టింది. బయోస్ అప్‌డేట్ చెయ్యకుండా ఎక్స్‌పో ఆన్ చెయ్యొద్దనేది ఇందుకే.

ప్రొఫైల్ మొదటిసారి ఆన్ చేశాక కొన్ని నిమిషాలు తెర నల్లగా ఉంటుంది. అది ట్రైనింగ్, అంటే కొత్త వేగానికి బోర్డు ర్యామ్‌తో సర్దుకోవడం; బోర్డు పోయిందని వెనక్కి తెచ్చేవాళ్లున్నారు. స్టిక్కులు రెండే అయితే ప్రాసెసర్ పక్కనుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి.

పరీక్షల చరిత్ర ఇంకా పాతది. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 1994లో వచ్చింది. విండోస్ లేకుండానే బూట్ అవుతుంది కాబట్టి ఇప్పటికీ మొదట వాడాల్సింది అదే. ముందు 4800లో ఒక పాస్ (పరీక్షలన్నీ ఒక చుట్టు) నడిపి స్టిక్కే చెడిపోలేదని తేల్చుకోవాలి. తర్వాత ప్రొఫైల్ ఆన్ చేసి నాలుగు పాస్‌లు. అప్పటిదాకా విండోస్ ఎక్కించొద్దు: ఒక్క బిట్ తారుమారైనా మెషిన్ ఏమీ చెప్పకుండా తప్పు ఫైలే రాసేస్తుంది, నెల తర్వాత జిప్ ఫైల్ తెరుచుకోనప్పుడు గానీ తెలియదు. డీడీఆర్5 చిప్పుల్లో తప్పులు దిద్దే ఈసీసీ ఏర్పాటు చిప్పు లోపలి తప్పులనే దిద్దుతుంది, ప్రాసెసర్‌కు వెళ్లే దారిలో జరిగేవి దానికి కనబడవు.

మెమ్‌టెస్ట్ ఒక్కటే చాలదు. అందులో గ్రాఫిక్స్ కార్డు చల్లగా కూర్చుని ఉంటుంది. విండోస్‌లో టెస్ట్‌మెమ్5 అనే ఇంకో పరీక్షను అంటా777 ఎక్స్‌ట్రీమ్ కాన్ఫిగ్ (సెట్టింగ్స్ ఫైల్)తో మూడు సైకిళ్లు తిప్పాలి. తర్వాత గేమ్ లోడ్ పెట్టి మళ్లీ తిప్పాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే, "ఒకటే కదా" అనే మాట లేదు.

చెన్నైలో అసలు చిక్కు వేడి. ర్యామ్‌లో ఒక్కో బిట్ ఒక చిన్న కెపాసిటర్‌లో దాచిన చార్జ్. వేడెక్కేకొద్దీ త్వరగా కారిపోతుంది. అందుకే మధ్యమధ్యలో రిఫ్రెష్ చెయ్యాలి. ఆ వ్యవధి టీఆర్‌ఈఎఫ్‌ఐ. డీడీఆర్5 ప్రమాణం 3.9 మైక్రోసెకన్లు, అంటే 6000 వేగంలో 11,700 క్లాక్‌లు. స్కోరు కోసం చాలామంది దాన్ని 65535 చేస్తారు. దాదాపు 22 మైక్రోసెకన్లు రిఫ్రెష్ లేకుండా ఆగడమన్నమాట. డిసెంబరు రాత్రి స్టిక్ 45 డిగ్రీల్లో ఉన్నప్పుడు ఇది పాసవుతుంది. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో, గ్రాఫిక్స్ కార్డు వేడిగాలి తగులుతూ స్టిక్ 60 దాటితే అదే సెట్టింగ్ బ్లూ స్క్రీన్ ఇస్తుంది. డీడీఆర్5 స్టిక్‌లో సెన్సర్ ఉంటుంది, దాని అంకె హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో చూడొచ్చు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి టెస్ట్‌మెమ్5 మళ్లీ పెట్టి, ఎర్రర్ వస్తే వోల్టేజ్ పెంచేముందు టీఆర్‌ఈఎఫ్‌ఐని 32767కు, అప్పటికీ ఎర్రర్ పోకపోతే 11,700కు దించి చూడాలి. వోల్టేజ్ పెంచితే వేడి ఇంకా పెరుగుతుంది.