డ్రైవరు లేని కంటైనరుకు డెల్టాలో గిరాకీ ఎంత?

గోదావరి డెల్టాకు అలవాటైన కొలత బస్తా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు సాగుకీ, పడవలకీ కలిపి పనికొచ్చాయి. లాకు లాకుకీ నీటిమట్టం సర్దుకుంటూ ధాన్యం పడవలు కాకినాడ దాకా పోయేవి. 1956 ఏప్రిల్‌లో అమెరికా లారీ వ్యాపారి మాల్కం మెక్లీన్ 58 పెట్టెలను ఓడ మీద పంపి కంటైనరుకు తెర తీశాడు. అయినా బియ్యం మాత్రం కాకినాడ యాంకరేజిలో (ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరేసే చోట) బార్జీల మీద బస్తాల్లోనే ఓడలకెక్కుతూ వచ్చింది.

పెట్టె అవసరాన్ని తెచ్చింది రొయ్య. 1990ల నడుమ వైట్ స్పాట్ తెగులు వచ్చి టైగర్ రొయ్యను ఊడ్చేసింది. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి దొరికాక చెరువులు మళ్లీ నిండాయి. విశాఖలో కంటైనర్ టెర్మినల్ అప్పటికే 2003 నుంచి ఉంది. భీమవరం రొయ్యల ప్లాంట్ల నుంచి అక్కడికి 270 కి.మీ. అటూఇటూ. ఖాళీ రీఫర్, అంటే చలి యంత్రమున్న కంటైనర్, వస్తుంది, నిండుగా వెళ్తుంది. వచ్చేటప్పుడు సరుకు ఉండదు కాబట్టి రానుపోను ఖర్చంతా ఒక్క రొయ్య మీదే పడుతుంది.

నలభై అడుగుల రీఫర్ సరుకును గడ్డకట్టించదు, ఉన్న చలిని నిలబెడుతుంది, అంతే. ప్లాంటులో మైనస్ 18 డిగ్రీలకు దిగని రొయ్యల అట్టపెట్టెలు ఎక్కిస్తే దారిలో చల్లబడతాయనుకోవడం భ్రమ. లోపలి ఎర్ర గీత దాటి పేర్చితే పైనుంచి గాలి తిరగదు. స్టఫింగులో (సరుకు నింపేటప్పుడు) తలుపులు ఎక్కువసేపు తెరిచి ఉంచితే మన ఉక్కపోత గాలి లోపలికి దూరి గాలిని చల్లబరిచే కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. మైనస్ గుర్తు మరిచి 18 అని పెట్టేస్తే లోడంతా పోయినట్టే. దారిలో రీఫర్‌కు కరెంటు ఇచ్చేది డీజిల్ జనరేటర్, అదే జెన్‌సెట్. ఆగినచోటల్లా డిస్‌ప్లే చూసి, డీజిల్ చూసి, సీలు చూసే మనిషి డ్రైవరే.

డ్రైవరు లేని కంటైనర్ రవాణా మొదలైంది రోడ్డు మీద కాదు, రోటర్‌డామ్ రేవులో కంచె లోపల, 1993లో. హాంబర్గ్‌లోని ఆల్టెన్‌వెర్డర్ 2002లో అదే దారి పట్టింది. మన దేశంలో కేరళలోని విళింజం రేవు 2024లో మొదటి కంటైనర్ ఓడను దూరం నుంచి నడిపే క్రేన్లతో దింపుకుంది. హైవే సంగతి వేరు. డ్రైవరు లేని లారీల సాంకేతికత చేసే అరోరా కంపెనీ 2025లో టెక్సాస్‌లో డ్రైవరు సీటు ఖాళీగా లారీలు నడిపింది. కొద్దిరోజులకే, ట్రక్కు తయారీదారు కోరిక మీద, మనిషిని మళ్లీ కూర్చోబెట్టింది.

భీమవరం నుంచి తాడేపల్లిగూడెం మీదుగా పెద్ద హైవే ఎక్కేదాకా ఉన్న ముక్కే అసలు చిక్కు. దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు సగం రోడ్డు ధాన్యం ఆరబోతకే పోతుంది. మిగతా సగంలో ట్రాక్టర్లు, ఎదురొచ్చే బైకులు, ఒక్కోసారి బాతుల మంద. కెమెరాకు బాతు కనిపించవచ్చు, కానీ వెనకాల ఇంకెన్ని వస్తాయో చెప్పేది కర్ర పట్టుకున్న కాపరే. చట్టమూ ఒప్పదు: 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం లైసెన్సున్న మనిషి నడపాల్సిందే. పైగా డ్రైవరు లేకపోతే కలిసొచ్చేది నిద్ర అక్కర్లేని పరుగు. కానీ మన బండి ఎక్కువ కాలం నిలబడేది ప్లాంటు ముందు, స్టఫింగు కోసం.

కాబట్టి ఇక్కడ ముందు అమ్ముడుపోయేవి చిన్న వస్తువులే: ప్లాంటు నుంచే ఉష్ణోగ్రత చూసే పరికరం, తలుపు తీస్తే కబురిచ్చే ఈ-సీల్, రేవు గేటు దగ్గర నంబరు చదివే కెమెరా. రీఫర్‌ను దూరం నుంచి చూసుకునే సదుపాయాన్ని ఓడల కంపెనీ మార్స్క్ 2017లోనే ఎగుమతిదారులకు ఇచ్చింది.

పడవ మాటకొస్తే, నార్వేలో బ్యాటరీతో నడిచే యారా బిర్కెలాండ్, తానే దారి చూసుకునేలా కట్టిన ఓడ, 2022 నుంచి కంటైనర్లు మోస్తోంది. మన కాలువల మీద వంతెనలు తక్కువ ఎత్తు, రెండున్నర మీటర్లు దాటిన పెట్టె వాటి కింద దూరదు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కూడా. మిగిలింది రైలు. 2000-01లో మంజూరైన కోటిపల్లి–నర్సాపురం లైనుకు గౌతమి, వైనతేయ, వశిష్ఠల మీద వంతెనలు కావాలి. అది పూర్తయినా రీఫర్ రైలెక్కాలంటే పక్కన కరెంటిచ్చే పవర్‌ప్యాక్ వ్యాగన్ ఉండాలి, లేదా ఒక్కో పెట్టెకూ జెన్‌సెట్ తగిలించాలి.