సాయంత్రం ముందు తిరుగుతుంది

మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదు, పుష్యంలో పూసలు గుచ్చ పొద్దుండదు. శ్రీకాకుళంలో గడియారం పక్కన పెట్టుకుని చూస్తే ఈ సామెత ఎంత నికార్సయినదో తెలుస్తుంది. అందరూ డిసెంబరు 21నే చీకటికి చివరి గీత అనుకుంటారు. కానీ ఇక్కడ ఏడాది మొత్తంలో అన్నిటికంటే ముందుగా పొద్దుగూకేది నవంబరు 25 ప్రాంతంలో, సాయంత్రం 5.16కి. అన్నిటికంటే ఆలస్యంగా తెల్లవారేది జనవరి 17 ప్రాంతంలో, ఉదయం 6.29కి. అంటే ముక్కనుమ నాటికన్నమాట. ఈ రెంటికీ నడుమ వచ్చే డిసెంబరు 21 (కొన్నేళ్లలో 22) పగటి మొత్తం నిడివి అన్నిటికంటే తగ్గే రోజు. ఆ రోజు 6.21కి ఉదయం, 5.23కి అస్తమయం, పగలు 11 గంటల 2 నిమిషాలు. జూన్‌లో పొడవాటి పగలు 13 గంటల 14 నిమిషాలు. విజయనగరంలో శీతకాలపు సమయాలన్నీ దాదాపు రెండు నిమిషాలు ఆలస్యం, అంతే తేడా.

పగలు పొట్టిదయ్యే రోజు ఒకటే అయినప్పుడు దాని రెండు కొసలూ వేర్వేరు తేదీల్లో ఎందుకు తిరుగుతాయి? కారణం మిట్టమధ్యాహ్నం. సూర్యుడు నడినెత్తి గీత దాటే క్షణం గడియారంలో ఒకచోట నిలవదు. నవంబరు 25న 11.41, డిసెంబరు 21న 11.52, జనవరి 17న 12.04. భూమి తన చుట్టూ తాను 23 గంటల 56 నిమిషాల్లో తిరిగేస్తుంది. ఈలోగా కక్ష్యలో కొంత ముందుకు జరిగిపోతుంది కాబట్టి మళ్లీ సూర్యుడికి ఎదురుగా రావడానికి ఇంకో నాలుగు నిమిషాలు తిరగాలి. జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉంటుంది, వేగంగా పరుగెడుతుంది. పైగా ఆ రోజుల్లో ఆకాశంలో సూర్యుడి నడక ఉత్తర దక్షిణాలకు పెద్దగా ఒరగకుండా దాదాపు పూర్తిగా తూర్పు వైపే సాగుతుంది. ఈ రెండూ కలిసి ఒక మధ్యాహ్నం నుంచి మరో మధ్యాహ్నానికి 24 గంటల మీద అర నిమిషం అదనంగా పడుతుంది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అన్నీ రోజుకు అర నిమిషం చొప్పున ఆలస్యమవుతుంటే, పగటి నిడివిలో మార్పు మాత్రం అప్పుడు రోజుకు కొన్ని సెకన్లే. అందుకే సాయంత్రాలు నెలముందే సాగడం మొదలెడతాయి, ఉదయాలు మరో నెల వరకు మొండికేస్తాయి. భోగి మంట వేసే తెల్లవారుజాము చీకటి, అదే వేళకు డిసెంబరులో ఉండే చీకటి కంటే చిక్కనిది. అదే రోజు సాయంత్రం పొద్దుగూకేది మాత్రం 5.37కి.

సంక్రాంతికీ అసలు అయనానికీ, అంటే సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లే డిసెంబరు 21కీ, మధ్య 24 రోజుల ఎడం ఉంది. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తల తిప్పుతుండటం వల్ల సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున ఈ దూరం పెరిగింది. 1,700 ఏళ్ల కిందట రెండూ ఒకే రోజు.

దీన్ని పెరట్లో కొలిచి చూడొచ్చు. మీటరు కర్రను చదునైన నేల మీద నిలబెట్టండి. డిసెంబరు 21న 11.52కి శ్రీకాకుళంలో దాని నీడ 89 సెంటీమీటర్లు, సంక్రాంతి నాడు 12.03కి 83. చాలామందికి లెక్క తప్పేది రెండు చోట్ల. కర్ర ఒక్క డిగ్రీ ఒరిగినా నీడ కొస దాదాపు పావుతక్కువ రెండు సెంటీమీటర్లు జరుగుతుంది, అందుకని తాపీమేస్త్రీ గుండు వేలాడదీసి సరిచూడాలి. రెండోది, సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. కాబట్టి నీడ కొస పదునుగా ఉండదు, సెంటీమీటరున్నర మేర అలికినట్టుంటుంది. కర్ర కొసన చిన్న అట్టముక్క కట్టి, అందులో 5 మిల్లీమీటర్ల రంధ్రం చేస్తే నేల మీద గుండ్రటి వెలుగు చుక్క పడుతుంది. దాని నడిమధ్య గుర్తు పెట్టండి, కర్ర పొడవును రంధ్రం వరకు లెక్కేయండి. వరసగా నాలుగు రోజులు కొలిచి తేడా లేదని నిరాశపడొద్దు. అయనం దగ్గర రోజువారీ మార్పు కంటికి దొరకదు, వారం వారం కొలవాలి.

డిసెంబరు 21 నాటి ఇంత పొడవు రాత్రిని నిద్రకే ఇచ్చేయడం బాధాకరం. కళింగపట్నం తీరంలోనో, దీపాలు లేని పొలం గట్టునో నిలబడితే నడిరాత్రి గొల్లకావడి (వరసగా మూడు చుక్కలు) నెత్తిమీదికి వస్తుంది, పిల్లలకోడి (కృత్తికలు) పడమటికి వాలుతుంది. పన్నెండుంపావుకి సరిగ్గా దక్షిణాన 19 డిగ్రీల ఎత్తులో, అంటే చేయి చాచి పిడికిలి పట్టుకుంటే రెండు పిడికిళ్ల ఎత్తులో, అగస్త్య నక్షత్రం. కంటికి చీకటి అలవాటు కావడానికి 20 నుంచి 30 నిమిషాలు కావాలి. ఒక్కసారి ఫోను చూస్తే ఆ అలవాటంతా పోతుంది. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టుకోండి.

అరసవల్లి గుడి ఇదే లెక్కను ఇంకోలా చూపిస్తుంది. ఏటా అక్టోబరు 1, 2 తేదీల్లో, మళ్లీ మార్చి 9, 10 తేదీల్లో ఉదయకిరణాలు ద్వారం దాటి, అనివెట్టి మండపం మీదుగా సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయి. అప్పుడు సూర్యుడు సరైన తూర్పుకు నాలుగు డిగ్రీల దక్షిణంగా ఉదయిస్తాడు. అక్టోబరు తర్వాత ఆ గీత విడిచి దక్షిణానికి జరుగుతూ, డిసెంబరు 21 నాటికి 25 డిగ్రీల దూరం వెళ్లి తిరుగుతాడు. అక్టోబరు 2 నుంచి అక్కడికి 80 రోజులు, అక్కడి నుంచి మార్చి 10కి 79. తిరుగు దారి మొదట్లో నత్తనడక, ఫిబ్రవరి చివరికి పరుగు. మార్చి 10న మబ్బు పట్టకపోతే మళ్లీ అదే గడప, అవే పాదాలు.